రీఫ్ ట్యాంకులో కోరల్స్ ఫోటోలు: ఎల్ఈడీ నీలాన్ని అదుపులో పెట్టి అసలు రంగులు రాబట్టడం ఎలా

రీఫ్ ట్యాంకులో, అంటే కోరల్స్ (పగడపు జీవులు) పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, ఆకుపచ్చ, నారింజ, గులాబీ రంగుల్లో వెలిగిపోతున్న జోయాంతిడ్ కోరల్ గుత్తి ఫోటోలో మాత్రం నీలి మరకలా వస్తే, కెమెరా పాడైందనుకోకండి. ఖరీదైన కెమెరా కొన్నా ఆ ఒక్క కారణంతో ఫోటో బాగుపడదు. చిక్కంతా వెలుగులో ఉంది.

రీఫ్ ఎల్ఈడీల్లో బలమంతా రాయల్ బ్లూ చిప్‌లదే. వాటి వెలుగు 445–455 నానోమీటర్ల దగ్గర ఇరుకైన పట్టీలో ఉంటుంది. దానికి తోడు 400–430 దగ్గర వయొలెట్, 470 దగ్గర నీలం, పైన కాస్త తెలుపు. ఎరుపు చాలా తక్కువ. మన కన్ను కాసేపట్లో ఆ నీలానికి అలవాటుపడి మిగతా రంగుల్ని పట్టుకుంటుంది, కెమెరాలో వెలుగును పట్టే సెన్సర్‌కు ఆ వెసులుబాటు లేదు. పైగా మామూలు సెన్సర్‌లో ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపుది, ఒకటి నీలానిది. రీఫ్ లైటు కింద ఆ నీలం పిక్సెల్ నిండిపోయేసరికి ఎరుపు పిక్సెల్‌కు అందిన వెలుగు ఏ మూలకో ఉంటుంది. నిండిపోయిన పిక్సెల్‌లో ఇక వివరం లేదు. ఎడిటింగ్‌లో ఎంత లాగినా అది తిరిగి రాదు. అందుకే ఈ పని మొత్తానికీ మూలం ఒక్కటే: అదనపు నీలాన్ని సెన్సర్‌ను చేరకముందే తగ్గించాలి. లైటు దగ్గర తగ్గించండి, లేదా లెన్సు ముందు ఫిల్టర్‌తో ఆపండి. ఎడిటింగ్ ఆ తర్వాతి మెరుగు మాత్రమే.

ఇంకో సంగతి కూడా ముందే తెలిసుండాలి. కోరల్స్‌లో రంగు రెండు రకాలుగా పుడుతుంది. కొన్ని ప్రోటీన్లు నీలం వెలుగును పీల్చుకుని ఆకుపచ్చగానో నారింజగానో తిరిగి వెలిగిస్తాయి. ఇది ఫ్లోరెసెన్స్. నీలం లైటు కింద కోరల్ తనంతట తానే వెలుగుతున్నట్టు కనిపించేది దీనివల్లే. పరిశోధనశాలల్లో విరివిగా వాడే ఎరుపు ఫ్లోరెసెంట్ ప్రోటీన్ డీఎస్‌రెడ్‌ను 1999లో వెలుగులోకి తెచ్చింది కూడా మన ట్యాంకుల్లో ఉండే డిస్కోసోమా మష్రూమ్ కోరల్ నుంచే. రెండో రకం రంగు వెలగదు, తెల్ల వెలుగులో కొంత పీల్చుకుని మిగిలింది వెనక్కి పంపుతుంది. కొమ్మలుగా పెరిగే అక్రోపోరా కోరల్స్‌లో చాలావాటి ఊదా, గులాబీ ఛాయలు ఈ కోవవి. మొదటి రకానికి నీలం కావాలి, రెండో రకానికి తెలుపు కావాలి. అన్ని కోరల్స్‌కూ ఒకే సెట్టింగ్ పనిచేయకపోవడానికి కారణం ఇదే. ఫోటోకి కూర్చునే ముందు మీ కోరల్ ఏ రకమో చూసుకోండి: లైటును పూర్తి నీలంలో పెట్టినప్పుడు మెరిసిందంటే ఫ్లోరెసెన్స్, నల్లబడిందంటే దానికి తెలుపు అవసరం.

ముందు రోజు, ఒక గంట ముందు

నీళ్లు కంటికి తేటగా ఉన్నా 40 సెంటీమీటర్ల నీటి గుండా చూసే లెన్సుకు పసుపు తేలుతుంది. ఒకటి రెండు రోజుల ముందు తాజా యాక్టివేటెడ్ కార్బన్ వేయండి. ఫిల్టర్ సాక్ లేదా ఫ్లాస్ మార్చండి. ఇసుకను కదిలించడం, రాళ్ల మీది మడ్డి ఊదడం లాంటివి ముందు రోజే ముగించాలి.

అద్దం లోపలి ఆల్గేను ఫోటోకి కనీసం గంట ముందు మాగ్నెట్‌తో తుడవండి. ఆ అలికిడికి గోనియోపోరా, జోయాంతిడ్‌లు ముడుచుకుంటాయి, మళ్లీ విప్పుకోవడానికి వాటికి ఆ వ్యవధి ఇవ్వాలి. గులాబీ చుక్కల్లా గట్టిగా అంటుకునే కోరలీన్ ఆల్గే మాగ్నెట్‌కు రాదు, గాజు ట్యాంకైతే బ్లేడుతో గీకాలి. అక్రిలిక్ ట్యాంకుకు లోహపు బ్లేడు వద్దు, ఆ గీతలు ప్రతి ఫోటోలో కనిపిస్తాయి. మాగ్నెట్ ప్యాడ్‌లో ఇసుక రేణువు ఇరుక్కుంటే గాజుకైనా గీత పడుతుంది, కాబట్టి వాడే ముందు ప్యాడ్‌ను కడగండి. బయటి వైపు ఎండిన ఉప్పునీటి చుక్కల్ని ఆర్‌ఓ నీళ్లతో తడిపిన మైక్రోఫైబర్ బట్టతో తుడిచి, పొడి బట్టతో ఆరబెట్టండి. అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్‌ను రీఫ్ ట్యాంకు దరిదాపులకు రానివ్వకండి.

మేత విషయంలో మొహమాటం వద్దు. ఫోటోకి ముందు కొన్ని గంటలపాటు చేపలకు మేత వేయకండి, తేలే తుంపులు ఫోటోలో తెల్లటి చుక్కలవుతాయి. అయితే అకాన్, బ్లాస్టోముస్సా లాంటి కండగల కోరల్స్ మేత టెంటకిల్స్ బయటపెట్టిన ఫోటో కావాలనుకుంటే ఒక ఉపాయముంది. కరిగించిన ఫ్రోజెన్ ఫుడ్‌ను వడకట్టి, ఆ రసం మాత్రం రెండు మూడు చుక్కలు నీళ్లలో వేసి 15–20 నిమిషాలు ఆగండి. వాసనకు అవి నోటి చుట్టూ సన్నని వేళ్లు చాపుతాయి. నీళ్లూ మసకబారవు.

టైమింగ్ సంగతి: లైట్లు వెలిగి ఒకటి రెండు గంటలు గడిచాకే చాలా కోరల్స్ పూర్తిగా విప్పుకుంటాయి. వెలగగానే తీస్తే సగం నిద్రలో ఉన్న కోరల్ దొరుకుతుంది.

పంపులు ఆపే క్రమం

కదిలే నీళ్లలో టార్చ్, హామర్ లాంటి పొడవాటి టెంటకిల్స్ ఉన్న యూఫిలియా కోరల్స్‌ను పదునుగా పట్టడం చాలా కష్టం. ప్రవాహం ఆపితేనే పని నడుస్తుంది. కానీ అన్నీ ఒక్కసారి పీకేయకండి. ఈ వరుసలో వెళ్లండి:

1. ద్రావణాలు కొలిచి వేసే డోసింగ్ పంపును, ఆవిరైన నీటిని నింపే ఆటో టాప్ ఆఫ్‌ను ఆపండి. నిలిచిన నీళ్లలో ఆల్కలినిటీ ద్రావణం పడితే ఒకేచోట పేరుకుంటుంది.
2. మురికిని నురగగా తీసే ప్రోటీన్ స్కిమ్మర్‌ను ఆపండి. నీళ్లను తిరిగి ట్యాంకులోకి పంపే రిటర్న్ పంపు ఆగగానే సంప్‌లో (ట్యాంకు కిందుండే ఫిల్టర్ తొట్టిలో) నీటి మట్టం పెరుగుతుంది. ఆపని స్కిమ్మర్ కప్పు పొంగి మురికి మళ్లీ ట్యాంకులోకే చేరుతుంది.
3. యూవీ స్టెరిలైజర్, చిల్లర్ ఉంటే ఆపండి. లోపల నీళ్లు కదలకుండా అవి నడవకూడదు. నీటి మట్టం తగ్గినప్పుడు బయటపడే చోట హీటర్ ఉంటే దాన్నీ ఆపాలి.
4. రిటర్న్ పంపు ఆపండి. పైనున్న డిస్‌ప్లే ట్యాంకు నుంచి దిగే నీళ్లను సంప్ తట్టుకుంటుందో లేదో ముందే ఒకసారి పరీక్షించి ఉండాలి.
5. చివరగా ట్యాంకులో ప్రవాహం పుట్టించే వేవ్‌మేకర్లు ఆపండి. నీళ్లు నిలిచి, రేణువులు అడుగుకు చేరడానికి 5 నిమిషాలు ఆగండి.

అక్కడి నుంచి మీకు 10–15 నిమిషాలే సమయం. చేపలు ఎక్కువున్న చిన్న ట్యాంకైతే ఇంకా తగ్గించుకోండి, నిలిచిన నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఫోన్‌లో టైమర్ పెట్టుకోవడం తప్పనిసరి అని మేము గట్టిగా చెబుతాం, ఫోటోల ధ్యాసలో గంట ఎలా గడిచిందో తెలియదు. ఇంకా తీయాల్సినవి ఉంటే అన్నీ నడిపించి, ఒక అరగంట తర్వాత మళ్లీ ఆపుకోవచ్చు. తిరిగి వేసేటప్పుడు వేవ్‌మేకర్లు, రిటర్న్ పంపు, హీటర్ ముందు వేయండి. సంప్ మట్టం మామూలు గీతకు దిగాక స్కిమ్మర్, ఆ తర్వాత మిగతావి. ఆటో టాప్ ఆఫ్ వేయడం మరిచిపోతే ఒక రోజులోనే ఉప్పు శాతం పెరగడం మొదలవుతుంది.

లైటు దగ్గర సర్దుబాటు

నీలాన్ని తగ్గించడానికి ఇదే అన్నిటికన్నా మంచి చోటు, డబ్బు ఖర్చు కూడా లేదు. మీ లైటు యాప్‌లో ఫోటో కోసం విడిగా ఒక ప్రీసెట్ చేసి ఉంచండి. నీలం, రాయల్ బ్లూ చానళ్లను 30–40 శాతానికి దించి, తెలుపును ఆ పైకి తీసుకురండి. ఎరుపు, ఆకుపచ్చ చానళ్లుంటే 5–10 శాతం చాలు. ఎక్కువైతే ఇసుక మీద రంగురంగుల చుక్కలు పడతాయి. చూడ్డానికి ఇసుక తెల్లగా, నీడల్లో మాత్రం నీలం జాడ కనబడేలా ఉంటే సరైన చోటికి వచ్చినట్టే.

తెలుపు పెంచినంత మేరా నీలం దించడం మరవకండి. రెండూ పైకి లేపితే కోరల్స్‌కు అలవాటు లేని తీవ్రత పడుతుంది. 15 నిమిషాలకు ప్రమాదం లేదు కానీ, ప్రీసెట్ అలాగే ఉండిపోయి రోజంతా వెలిగితే అక్రోపోరా కొనలు తెల్లబడతాయి. యాప్‌లో ఆ ప్రీసెట్‌కు 20 నిమిషాల గడువు పెట్టే వీలుంటే పెట్టండి.

ఇక్కడే ఇంకో చిక్కు ఎదురవుతుంది. చాలా ఎల్ఈడీలు వెలుగు తగ్గించడానికి అతివేగంగా ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. కంటికి తెలియదు, షట్టర్‌కు తెలుస్తుంది. ఫోటో మీద అడ్డంగా చీకటి చారలు వస్తే కారణం ఇదే. మూడు మార్గాలున్నాయి: సైలెంట్ ఎలక్ట్రానిక్ షట్టర్ వదిలి మెకానికల్ షట్టర్ వాడటం, షట్టర్ స్పీడును 1/60కి గానీ అంతకన్నా కిందికి గానీ దించడం, లేదా ఆ చానల్ శాతాన్ని పెంచి మిగతావాటిని పూర్తిగా ఆపేయడం. 10 శాతం దగ్గర నడిచే చానల్ చారలు వేసినంతగా 70 శాతం దగ్గర నడిచేది వేయదు.

గది, అద్దం, కోణం

గది లైట్లు, టీవీ ఆపి కర్టెన్లు వేయండి. ముదురు రంగు చొక్కా వేసుకోండి. తెల్ల చొక్కా అద్దంలో కనబడి కోరల్ మీద మసక పొరలా పడుతుంది. లెన్సుకు మెత్తని రబ్బరు హుడ్ తగిలించి దాన్ని అద్దానికి ఆనిస్తే ప్రతిబింబాలు మాయమవుతాయి, చెయ్యీ నిలకడగా ఉంటుంది. హుడ్ లేకపోతే నల్లటి గుడ్డలో లెన్సు పట్టేంత రంధ్రం చేసి తెరలా పట్టుకోవచ్చు.

లెన్సు అద్దానికి నిటారుగా, సరిగ్గా 90 డిగ్రీల్లో ఉండాలి. ఇదొక్కటీ పాటించకపోతే మిగతా శ్రమంతా వృథా. గాలి, గాజు, నీరు మూడింటిలోనూ వెలుగు వంగే తీరు వేరు. పక్కనుంచి వాలుగా చూస్తే ఒక్కో రంగు ఒక్కో మేరకు వంగి అంచుల్లో ఊదా, పసుపు చారలు వస్తాయి, మధ్యలో పదును పోతుంది. ఆ మసకను చూసి ఫోకస్ తప్పిందనుకుని మళ్లీ మళ్లీ తీస్తుంటారు, కోణం సరిచేసేదాకా అది పోదు. కింద నుంచే కెమెరాను వాల్చి ఎత్తులో ఉన్న కోరల్‌ను తీయాలనిపించినా, కెమెరానే ఆ ఎత్తుకు లేపండి. వంపు అద్దం ట్యాంకుల్లో వంపు తక్కువున్న నడి భాగం గుండానే తీయాలి.

కెమెరా సెట్టింగులు

దగ్గరి ఫోటోలకు 90–105 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు అన్నిటికన్నా అనుకూలం. ఇవి నిజ పరిమాణంలో తీసేటప్పుడు లెన్సు ముందు కొస నుంచి సుమారు 13–15 సెంటీమీటర్ల దూరంలో ఫోకస్ అవుతాయి. నీళ్లలోని వస్తువు అసలు దూరంలో నాలుగింట మూడొంతుల దూరంలోనే ఉన్నట్టు కనబడుతుంది కాబట్టి, అద్దానికి లోపల 15 సెంటీమీటర్ల దాకా ఉన్న కోరల్‌ను నిజ పరిమాణంలో పట్టుకోవచ్చు. 60 మిల్లీమీటర్ల మాక్రోతో ఆ దూరం బాగా తగ్గుతుంది, అద్దానికి దగ్గరున్న కోరల్స్‌కే అది పనికొస్తుంది.

ఫైల్ రకం రా (సెన్సర్ పట్టిన సమాచారాన్ని మార్చకుండా ఉంచేది) మాత్రమే. జేపెగ్‌లో రంగు అక్కడికక్కడే బిగిసిపోతుంది. మోడ్ మాన్యువల్. అపర్చర్ ఎఫ్/8 నుంచి ఎఫ్/11. ఎఫ్/16 దాటితే పదునుగా వచ్చే లోతు పెరిగినా డిఫ్రాక్షన్ (సన్నని రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల మొత్తం మెత్తబడుతుంది. షట్టర్, ట్రైపాడ్ మీద పంపులు ఆపి ఉంటే గట్టి అస్థిపంజరం ఉన్న కోరల్స్‌కు 1/30–1/60, కండగల వాటికి 1/125. చేత్తో పట్టుకుంటే 1/200కు తక్కువ వద్దు. మిగిలిన లోటు ఐఎస్ఓతో పూడ్చండి, 400–1600 మధ్య భయం లేదు. ట్రైపాడ్ మీద 2 సెకన్ల టైమర్ వాడండి, లెన్సులో స్టెబిలైజేషన్ ఆపేయండి.

వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగుల్ని సర్దే సెట్టింగ్) ఆటోలో వద్దు. చాలా కెమెరాల్లో కెల్విన్ అంకె 10000 దగ్గర ఆగిపోతుంది, రీఫ్ వెలుగు దానికన్నా చాలా పైన ఉంటుంది. అయినా కెమెరాలో ఉన్న గరిష్ఠ అంకె పెట్టండి. రా ఫైల్‌కు దాంతో పనేముందంటే, స్క్రీన్ మీది హిస్టోగ్రామ్ (వెలుగు పంపకాన్ని చూపే గ్రాఫ్) కోసం. హిస్టోగ్రామ్‌ను కెమెరా జేపెగ్ నుంచి గీస్తుంది. వైట్ బ్యాలెన్స్ తక్కువలో ఉంటే నీలాన్ని అదనంగా పెంచి చూపుతుంది, నిజానికి ఎంత నిండిందో మీకు తెలియదు. గరిష్ఠంలో ఉంచితే సెన్సర్ అసలు పరిస్థితికి దగ్గరగా కనబడుతుంది.

ఆ హిస్టోగ్రామ్‌ను కూడా తెలుపు ఒక్కటే చూపే రకంలో కాదు, ఆర్‌జీబీ మూడు చానళ్లు విడివిడిగా చూపే రకంలో పెట్టుకోండి. తెలుపు హిస్టోగ్రామ్‌లో ఆకుపచ్చకే ఎక్కువ తూకం ఉంటుంది. అది నడుమన హాయిగా కనబడుతుండగానే నీలం కుడి అంచు దాటిపోయి ఉంటుంది. మీటరు చెప్పినదానికి మైనస్ 0.7 దగ్గర మొదలుపెట్టి, నీలం గీత కుడి అంచును తాకకుండా నిలిచేదాకా తగ్గిస్తూ పోండి. స్క్రీన్ మీద ఫోటో చీకటిగా కనిపిస్తుంది. కంగారు పడకండి, నీడల్లో ఉన్నదాన్ని రా ఫైల్ నుంచి లేపొచ్చు.

వీలైతే ఫ్రేములోకి ఒక తటస్థ రంగు వస్తువును చేర్చి ఒక ఫోటో తీసి ఉంచుకోండి. నీళ్లలో నానినా పాడుకాని ప్లాస్టిక్ గ్రే కార్డు బాగుంటుంది, లేకపోతే శుభ్రమైన తెల్ల పీవీసీ ముక్క. దాన్ని కోరల్ పక్కనే, అదే లోతులో, అదే వెలుగులో పెట్టాలి. ట్యాంకు బయట పెట్టిన కార్డు వల్ల ఉపయోగం లేదు.

ఫోకస్

నీలం వెలుగులో కాంట్రాస్ట్ తక్కువ కాబట్టి ఆటో ఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ, చాలాసార్లు అద్దం మీది గీతనో చుక్కనో పట్టుకుంటుంది. లైవ్ వ్యూను 5 లేదా 10 రెట్లు పెద్దది చేసి చేత్తో ఫోకస్ చేయండి. ఎక్కడ ఫోకస్ పెట్టాలన్నది కోరల్‌ను బట్టి మారుతుంది. జోయాంతిడ్‌కు నోటి అంచు మీద, యూఫిలియాకు కెమెరాకు దగ్గరగా ఉన్న టెంటకిల్ మొన మీద, అక్రోపోరాకు కొమ్మ చివరి కోరలైట్ (ఒక్కో చిన్న జీవి, అంటే పాలిప్, ఉండే గుంట) మీద. స్కోలీమియా, ట్రాకీఫిలియా లాంటి వెడల్పాటివాటికి నోరు పదునుగా రావాలి. వెనక అంచు కొంత మెత్తబడినా ఫరవాలేదు.

మాక్రోలో ఫోకస్ రింగు తిప్పడం కన్నా, రింగును అలాగే ఉంచి కెమెరానే కొన్ని మిల్లీమీటర్లు ముందుకీ వెనక్కీ జరపడం తేలిక. కెమెరాను కొద్దికొద్దిగా జరిపే ఫోకసింగ్ రైల్ ఉంటే ఈ పని ఇంకా సుఖం. గట్టి కోరల్స్‌ను పంపులు ఆగి ఉన్నప్పుడు రైల్ మీద వరుసగా 8–15 ఫోటోలు తీసి కలపొచ్చు. పాలిప్స్ బాగా చాచుకున్నవాటిలో అది కుదరదు, రెండు ఫోటోల మధ్యే అవి కదులుతాయి.

పసుపు, నారింజ ఫిల్టర్లు

రాత్రి నీలం వెలుగులోని ఆ మెరుపునే పట్టాలనుకుంటే లైటులో తెలుపు పెంచకూడదు, మెరుపు చప్పబడుతుంది. అప్పుడే లెన్సు ముందు ఫిల్టర్ కావాలి. ఇది 500 నానోమీటర్ల కిందనున్న నీలాన్ని చాలావరకు ఆపి, కోరల్ వెలిగించే ఆకుపచ్చ, నారింజలను మాత్రం పోనిస్తుంది. లైటులో కొంత తెలుపు ఉంటే పసుపు ఫిల్టర్, దాదాపు అంతా నీలమైతే నారింజ. అవసరమైనంతలో పలుచనిదే వాడండి.

ఫిల్టర్ నష్టాన్నీ తెలుసుకోవాలి. అది లైటు నీలాన్నీ, కోరల్‌లోని నిజమైన నీలాన్నీ వేరుచేయలేదు. నీలి కొనల అక్రోపోరా నారింజ ఫిల్టర్ వెనక బూడిద రంగులోకి మారుతుంది. అలాంటివాటికి ఫిల్టర్ తీసేసి, లైటులో తెలుపు పెంచే దారే సరైనది. వెలుగు కూడా ఒకటి రెండు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కు సగమవుతుంది), పూర్తి నీలంలో అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది, షట్టర్ సరిచూసుకోండి. ఫిల్టర్ పెట్టాక వైట్ బ్యాలెన్స్ మళ్లీ చేయాలి.

ఫోన్‌తో తీసేవారికి

ఫోన్‌లో పెద్ద ఇబ్బంది అది తనంతట తాను నిర్ణయాలు తీసుకోవడమే. దగ్గరికి వెళ్లగానే అడగకుండా అల్ట్రావైడ్ మాక్రో కెమెరాకు మారుతుంది, దాని సెన్సర్ చిన్నది, అంచులు వంగుతాయి. ఆటో మాక్రోను ఆపేసి, ప్రధాన కెమెరాతో గానీ 2 లేదా 3 రెట్ల టెలీతో గానీ కాస్త దూరం నుంచి తీయండి. హెచ్‌డీఆర్, నైట్ మోడ్ వద్దు. అవి అనేక ఫ్రేములు కలుపుతాయి, ఊగే టెంటకిల్స్ అందులో రెండేసి కనిపిస్తాయి.

ప్రో మోడ్ ఉంటే రా లేదా డీఎన్‌జీ ఎంచుకోండి. లేకపోతే కోరల్ మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, స్లైడర్‌ను కిందికి లాగండి. ఆకుపచ్చ పాలిప్స్‌లో తెల్లబడిన మచ్చలు పోయి గీతలు కనబడేదాకా లాగాలి. ఫోన్‌లో నారింజ క్లిప్ ఫిల్టర్ ఇచ్చినంత మార్పు ఇంకేదీ ఇవ్వదు. క్లిప్ మీరు వాడే కెమెరా మీదే సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. ఫోన్ టెలీకి మారి, క్లిప్ మాత్రం ప్రధాన కెమెరా మీద మిగిలిపోవడం తరచూ జరుగుతుంది.

పైనుంచి తీయడం

కోరల్స్ లైటు వైపు తిరిగి పెరుగుతాయి. వాటి అసలు అందం పైనుంచే. మాంటిపోరా పళ్లేలు, ట్రాకీఫిలియా, చాలిస్, మష్రూమ్‌లను ముందు అద్దంలోంచి చూస్తే అంచు తప్ప ఏమీ దొరకదు. అయితే నీటి ఉపరితలం చిన్నగా అలలాడినా ఫోటో చెదురుతుంది. దానికి వ్యూ బాక్స్, అంటే అడుగున పారదర్శక పలక ఉన్న గొట్టం, కావాలి.

దుకాణంలో దొరికేది కొనవచ్చు, లేదా ఇలా చేసుకోవచ్చు. 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు 15 సెంటీమీటర్ల ముక్క కోసి, ఒక అంచును సమంగా ఇసుక కాగితంతో రుద్దండి. 3 మిల్లీమీటర్ల పారదర్శక అక్రిలిక్ షీటును పైపు బయటి కొలతకు గుండ్రంగా కోసి, అక్వేరియం సిలికాన్‌తో అతికించండి. బూజు నిరోధకం కలిపిన బాత్‌రూమ్ సిలికాన్ వాడకండి. 48 గంటలు ఆరనివ్వాలి. సిలికాన్ గాజును పట్టినంత గట్టిగా పీవీసీని, అక్రిలిక్‌ను పట్టదు. కాబట్టి వాడే ప్రతిసారీ ముందు బకెట్లో ముంచి లోపలికి నీళ్లు రావడం లేదని చూడండి. పైపు లోపలి గోడకు మాట్ నల్ల కాగితం చుడితే మెరుపులు రావు.

వాడేటప్పుడు పంపులు ఆపి, అడుగు 2–3 సెంటీమీటర్లు మునిగేలా, ముందు వాలుగా పెట్టి తర్వాత నిటారుగా చేయండి. లేకపోతే అక్రిలిక్ కింద గాలి బుడగ ఇరుక్కుని ఫోటో మధ్యలో గుండ్రటి మసకగా తేలుతుంది. కెమెరా, మీ తల లైటుకు అడ్డం రాకుండా లైటును పక్కకు జరపాలి, జరిపితే నీడ కూడా ఒక వైపే పడి కోరల్ గుంటలూ మిట్టలూ తేటగా వస్తాయి. కెమెరా పట్టీ మెడలో వేసుకునే ఉండండి. ఉప్పునీళ్లలో పడిన కెమెరాను కాపాడటం దాదాపు అసాధ్యం.

ఫ్లాష్ గురించి క్లుప్తంగా: కెమెరా మీది ఫ్లాష్ అద్దంలో మెరిసి ఫోటోను పాడు చేస్తుంది. ట్యాంకు పైనుంచి కిందికి చూసేలా విడి ఫ్లాష్ పెడితే ఎఫ్/11, 1/160, ఐఎస్ఓ 200తో చేపలతో సహా అన్నీ నిలిచిపోతాయి, రంగులు పగటి వెలుగు రంగులే వస్తాయి. ఊదా అక్రోపోరాకు అది చక్కగా నప్పుతుంది. ఫ్లోరెసెన్స్ మాత్రం కనబడదు.

ఎడిటింగ్

రా ఫైలు తెరిచి మొదట వైట్ బ్యాలెన్స్ చూడండి. గ్రే కార్డు ఫోటో ఉంటే డ్రాపర్‌తో దాని మీద నొక్కి, ఆ విలువను మిగతావాటికి కాపీ చేయండి. లైట్‌రూమ్‌లో ఉష్ణోగ్రత స్లైడర్ 50000 కెల్విన్ దాకా వెళ్తుంది. అది చివరికి చేరినా నీలం తగ్గకపోతే, ఆ కెమెరా ప్రొఫైల్‌ను డీఎన్‌జీ ప్రొఫైల్ ఎడిటర్‌లో వెచ్చగా మార్చి కొత్తది చేసుకోవచ్చు. ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లో కలర్ క్యాలిబ్రేషన్ మాడ్యూల్ ఇదే పని చేస్తుంది.

తర్వాత నీడలు లేపండి. ఎరుపు చానల్‌లో గరుకుదనం బయటపడుతుంది, రంగు నాయిస్ తగ్గించే స్లైడర్‌ను మాత్రమే కొంచెం వాడండి. వివరాన్ని నునుపు చేసే రెండో స్లైడర్‌ను ఎక్కువ లాగితే పాలిప్స్ మైనపు బొమ్మల్లా తయారవుతాయి. ఇంకా నీలం ముసుగు మిగిలితే ఒక్కో రంగును విడిగా సర్దే హెచ్‌ఎస్‌ఎల్ ప్యానెల్‌లో నీలం, ఊదాల సాచురేషన్‌ను (రంగు గాఢతను) 10–30 మేర తగ్గించండి. మొత్తం సాచురేషన్ పెంచడం వద్దు, ఫ్లోరెసెంట్ ఆకుపచ్చ అప్పటికే అంచున ఉంటుంది, ఇంకాస్త పెంచితే గీతలన్నీ ఒకే రంగు ముద్దలో కలిసిపోతాయి.

ఎడిట్ చేసేటప్పుడు స్క్రీన్‌ను ట్యాంకు కనబడే చోట పెట్టుకుని కోరల్‌తో పోల్చి చూడండి. ముఖ్యంగా ఫ్రాగ్ (పెంచడానికి కోసిన కోరల్ ముక్క) అమ్మడానికో, జాతి గుర్తించమని అడగడానికో పెట్టే ఫోటో అయితే ట్యాంకులో కంటికి కనబడే రంగునే చూపాలి. ఏ లైటు కింద, ఏ ఫిల్టర్‌తో తీశారో పక్కన రాయండి. నారింజ ఫిల్టర్‌తో తీసిన ఫోటో చూసి కొన్నవారికి పగటి వెలుగులో గోధుమ రంగు కోరల్ చేతికొస్తే అది మోసపోవడమే.

పెరుగుదల నమోదు చేసే ఫోటోలు

అందం కోసం తీసే ఫోటోకి ప్రతిసారీ సెట్టింగులు మార్చుకోవచ్చు. పెరుగుదలను, రంగు వెలియడాన్ని గమనించే ఫోటోలకు ఏదీ మారకూడదు. నెలకోసారి, లైట్లు వెలిగాక అదే గంటకు, అదే లైటు ప్రీసెట్‌తో, అదే కెల్విన్, అపర్చర్, షట్టర్, ఐఎస్ఓతో తీయండి. ఆటో ఏదైనా మిగిలితే కోరల్ తెల్లబడిందా, కెమెరా వెలుగు పెంచిందా అన్నది తేల్చలేరు. ఫ్రేములో ఒక కొలత ఉండాలి. ఫ్రాగ్‌ను అతికించే మామూలు ప్లగ్ (చిన్న దిమ్మ) వ్యాసం ముందే కొలిచి రాసుకుంటే అదే స్కేలుగా పనికొస్తుంది, కోరల్ దాన్ని కప్పేశాక పక్కన ప్లాస్టిక్ స్కేలు ముక్క పెట్టండి.

ఫైల్ పేరులో తేదీ, కోరల్ పేరు చేర్చండి. ఆ వారం కొలిచిన ఆల్కలినిటీ, కాల్షియం, నైట్రేట్, ఫాస్ఫేట్ అంకెల్ని ఫోటో వివరణలో రాసి ఉంచితే, రంగు మారిన నెల ఏం జరిగిందో వెనక్కి వెళ్లి వెతకొచ్చు. ట్రైపాడ్ కాళ్లు ఆనిన చోట నేల మీద టేపు ముక్కలు అంటించండి, దాని ఎత్తునూ లెన్సు నుంచి అద్దానికి ఉన్న దూరాన్నీ రాసుకోండి. కొత్త ఫోటో తీసే ముందు పోయిన నెల ఫోటోను ఫోన్‌లో తెరిచి లైవ్ వ్యూ పక్కన పెట్టుకుని, కోరల్ వెనకున్న రాతి అంచులు రెండింటిలోనూ ఒకేచోట పడేలా ఫ్రేము సరిచేసుకుని అప్పుడు షట్టర్ నొక్కండి.